ఆరని పసుపు దీపము: పాత సరకు బండ్లలో దోషమును కనుగొను క్రమము

కోత ముగిసి ధాన్యము రాశి పడినంతనే రైతు శ్రమ తీరినదని చెప్పుటకు వీలు లేదు. తూకమై, బస్తాల కెత్తబడి, మిల్లు చేరువరకు ఆ ధాన్యము ఆకాశము క్రిందనే యుండును. మన సంఘముల కొనుగోలు కేంద్రములందు తేమ నూటికి 17 పాళ్లు మించని ధాన్యమునే గైకొందురను సంగతి సభ్యు లెరిగినదే. దినముల తరబడి ఎండబోసి, తూర్పారబట్టి, ఆ మేరకు దింపిన ధాన్యమునకు బండి ఒక దినము ఆలస్యమై, ఆ రాత్రియే వాన కురిసినచో పడిన పాటంతయు మరల మొదటికి వచ్చును.

జనగామ ప్రాంతపు వరియు పత్తియు, మహబూబాబాదు కేసముద్రము ప్రాంతముల మిరపయు, భూపాలపల్లి ప్రాంతపు పంటలును మిల్లునకుగాని, వరంగల్లు ఎనుమాముల మార్కెట్టునకుగాని చేరవలెనన్న మోటారు బండ్లే దిక్కు. ఈ బండ్లలో పెక్కింటిని మనవారు పాతవిగా కొనియుందురు. కొందరు సొంత పొలముల సరకు కొరకు చిన్న ట్రాలీ బండ్లను, కొందరు బాడుగ కొరకు లారీలను అప్పు చేసి కొని నడుపుచున్నారు. అట్టి బండి యందు చోదకుని యెదుట, పలకమీద, ఇంజను బొమ్మ గల పసుపు దీపమొకటి వెలుగుట కలదు. దీనినే చెక్ ఇంజన్ లైటు అందురు. ఒకనాడు వెలిగి, మరునాడు ఆరి, మరల వెలిగి, తుదకు ఆరకయే నిలిచిన యీ దీపమును గూర్చి రైతులు రెండు విధముల నష్టపడుచున్నారు. దీపమేమి చేయునని ఉపేక్షించి నడుమ దారిలో బండి నిలిచి నష్టపడువారు కొందరు. భయపడి, ఒక భాగము తరువాత నొకటి మార్పించి, డబ్బంతయు వ్యయపరచినను దీపమారక నష్టపడువారు మరికొందరు. ఈ రెండు నష్టములును తప్పించుకొను క్రమమును తెలుపుటయే యీ వ్యాసోద్దేశము.

దీపము ఎచ్చటినుండి వచ్చినది

ఈ దీపము పట్టణముల పొగనుండి పుట్టినది. మోటారు బండ్ల పొగచే గాలి చెడుచున్నదని అమెరికాలోని కాలిఫోర్నియా ప్రభుత్వము, బండి తన దోషమును తానే కనిపెట్టి నడుపువానికి తెలుపవలెనని 1988వ సంవత్సరపు బండ్లనుండి నియమము చేసినది. 1996 నుండి ఆ దేశపు కార్లకన్నిటికిని ఒకే తీరు సంఖ్యలు, ఒకే తీరు సాకెట్టు ఏర్పడినవి. మన దేశమున 2010 ఏప్రిల్ నెలలో హైదరాబాదు మొదలగు 13 నగరములందు భారత్ స్టేజి 4 నియమములు వచ్చినవి. వానితోపాటు ఆ తరగతి బండ్లకు మొదటి విధపు స్వయంపరీక్షయు, 2013 ఏప్రిల్ నుండి రెండవ విధపు స్వయంపరీక్షయు విధింపబడెను. 2017 ఏప్రిల్ 1వ తేదీనుండి స్టేజి 4 దేశమంతటను వ్యాపించినది. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి స్టేజి 6 వచ్చినది. కావున నేడు పాతవిగా అమ్ముడుపోవుచున్న బండ్లలో, అందు ముఖ్యముగ 2017 తరువాతి వానిలో, ఈ దీపము తప్పక యుండును. అంతకు పూర్వపు బండ్లలోను, కంప్యూటరు గల ఇంజన్లయందు కొన్నిటికి కలదు. కంప్యూటరు లేని పాత పంపు ఇంజన్లకు ఈ చిక్కు లేదు.

దీపము పని చేయు తీరిది. ఇంజను నందు పలుచోట్ల సెన్సార్లను చిన్న సాధనములుండును. నీటి వేడి యెంత, లోనికి పోవు గాలి యెంత, డీజిలు ఒత్తిడి యెంత, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుచున్నది అను సంగతులను ఇవి తీగల మూలమున కంప్యూటరు పెట్టెకు తెలుపుచుండును. ఆ పెట్టె ప్రతి కొలతను తనకు ముందే యీయబడిన హద్దులతో పోల్చి చూచును. కొలత హద్దు దాటినచో ఒక సంఖ్యను జ్ఞాపకమున నుంచుకొనును. చాల దోషముల విషయమున ఒక్క ప్రయాణమున కనబడినంత మాత్రమున దీపము వెలుగదు. తరువాతి ప్రయాణమునను కనబడినచో వెలుగును. వరుసగా మూడు ప్రయాణములు దోషము కనబడనిచో తనంత తానే ఆరును. అనగా ఆరక నిలిచిన దీపము, దోషము మాటిమాటికి కనబడుచునే యున్నదని చెప్పుచున్నదన్నమాట. అది నిన్నటి ముచ్చట కాదు, నేటిది.

ఎప్పుడు ఆపవలెను, ఎప్పుడు నడుపవచ్చును

మొదట రంగును చూడవలెను. ఎఱ్ఱ దీపము వేరు, పసుపు దీపము వేరు. ఇంజను ఆయిలు ఒత్తిడిని తెలుపు ఎఱ్ఱ దీపముగాని, నీరు మితిమీరి వేడెక్కినదని తెలుపు ఎఱ్ఱ దీపముగాని వెలిగినచో, బస్తాలెన్ని యున్నను, మిల్లు ఎంత చేరువనున్నను, బండిని ప్రక్కకు దీసి ఇంజను ఆపవలసినదే. ఆయిలు లేక నాలుగు మైళ్లు నడచిన ఇంజను మరల పనికి రాకపోవచ్చును. వేడెక్కిన రేడియేటరు మూతను చల్లారక మునుపు తెరువరాదు. ఆవిరి ముఖమునకు కొట్టును.

పసుపు దీపము నిలుకడగా వెలుగుచు, బండి యథాప్రకారము లాగుచు, పొగయు ధ్వనియు మారకున్నచో, మెల్లగా గమ్యము చేర్చి పరీక్ష చేయింపవచ్చును. బలము తగ్గుట, నల్లని లేక తెల్లని పొగ హెచ్చుట, క్రొత్త చప్పుడు వినబడుట యను వీనిలో ఏది తోడైనను బరువుతో ముందుకు పోరాదు. పెట్రోలు లేక గ్యాసుతో నడుచు చిన్న బండ్లలో దీపము మినుకుమినుకుమని కొట్టుకొనుచున్నచో, ఇంజను నందు మంట సరిగా నంటుకొనక, కాలని ఇంధనము పొగగొట్టములోని విలువగల భాగమును చెఱచుచున్నదని తెలిసికొని వెంటనే ఆపవలెను.

సంఖ్య వాంగ్మూలము, తీర్పు కాదు

కంప్యూటరు దాచిన సంఖ్యను చదువుటకు స్కానరను చేతి పనిముట్టు కావలెను. చిన్న బండ్లలో స్టీరింగు క్రింద 16 రంధ్రముల సాకెట్టుండును. పెద్ద లారీలలో కొన్నిటికి 9 సూదుల గుండ్రని సాకెట్టుండును. వాని సంఖ్యలు చదువు రీతియు వేరు. చిన్న బండ్లు 12 వోల్టులవి, పెద్ద లారీలు 24 వోల్టులవి. 12 వోల్టులకు మాత్రమే యేర్పడిన చౌక పనిముట్టును 24 వోల్టుల లారీకి తగిలించినచో అది కాలిపోవును. ఈ సంగతి కొనునప్పుడే అడిగి తెలిసికొనవలెను.

చిన్న బండ్ల సంఖ్యలు ఒక అక్షరముతో నారంభమగును. పి యనగా ఇంజను, గేరుపెట్టె వర్గము, బి బాడీ, సి చట్రము, బ్రేకులు, యు పెట్టెల నడుమ వార్తలు నడచు తీగలు. అక్షరము తరువాత సున్న యున్నచో అది అన్ని కంపెనీలకును సమానమైన సంఖ్య. 1 యున్నచో సాధారణముగ ఆ కంపెనీవారి సొంత సంఖ్య. మన బండ్లలో తరచు వినబడునవి యివి: పి 0087, డీజిలు పట్టాలో ఒత్తిడి చాలదు, పి 0299, టర్బో తగినంత గాలి నింపుట లేదు, పి 0401, పొగను మరల ఇంజను లోనికి మళ్లించు ఇ.జి.ఆర్. మార్గమున ప్రవాహము చాలదు. పి 0118, నీటి వేడి తెలుపు సెన్సారు తీగయందు వోల్టేజి హెచ్చు. పి 0128, నీరు తగినంత వేడెక్కుట లేదు. పి 0562, విద్యుత్తు చాలదు.

ఈ వాక్యములను మరల చదువుడు. వీనిలో ఒక్కటియు ఫలానా భాగమును మార్చుమని చెప్పుట లేదు. ఒత్తిడి చాలదని చెప్పుచున్నది గాని పంపు చెడినదని చెప్పలేదు. సంఖ్య సాక్షి చెప్పు వాంగ్మూలము వంటిది. సాక్షి తాను చూచినది చెప్పును. తీర్పు విచారించిన పిదప రావలెను. సంఖ్య చూచినంతనే భాగమును మార్చుట, నాడి పట్టక మందిచ్చు వైద్యము వంటిది.

ఒక యుదాహరణము చెప్పెదము. పి 0118 వచ్చిన బండిలో స్కానరు నీటి వేడిని మైనస్ 40 డిగ్రీలని చూపినదనుకొనుడు. మండు వేసవిలో భూపాలపల్లి దారిని నడచుచున్న బండిలో నీరు గడ్డకట్టుటకన్న చల్లగా నుండునా? సెన్సారు తీగ తెగినను, ముడి ఊడినను కంప్యూటరునకు కనబడు కొలత అదియే. కావున మొదట తీగను, దాని గిలకను చూడవలెను. సరిచేయుటకు పట్టునది పావుగంట మాత్రమే. ఈ మాట యెరుగనివాడు సెన్సారు కొనును. అది మార్చినను దీపమారదు. తరువాత కంప్యూటరు పెట్టెయే చెడినదనును.

చౌకది ముందు, ప్రియమైనది వెనుక

పరీక్షయందు పాటింపవలసిన క్రమమొక్కటియే: ఖర్చు లేనిది మొదట, ఖర్చు తక్కువది పిదప, విలువగల భాగము తుదకు.

మొదటిది విద్యుత్తు. రాత్రి నిలిపిన 12 వోల్టుల బ్యాటరీ ఉదయమున సుమారు 12.6 వోల్టులును, ఇంజను నడుచునప్పుడు సుమారు 13.5 మొదలు 14.5 వరకును చూపవలెను. 24 వోల్టుల లారీలలో ఇవి రమారమి రెట్టింపుగ నుండును. బ్యాటరీ మొనలపై తెల్లని బూజు, చట్రమునకు బిగించిన ఎర్తు తీగ వదులు అనునవి ఒకేసారి నాలుగైదు సంఖ్యలను పుట్టింపగలవు. ఒకదానితో నొకటి పొందని సంఖ్యలు గుంపుగా వచ్చినప్పుడు ఇదియే మొదటి యనుమానము.

రెండవది తీగలు. ధాన్యపు కొట్టము ప్రక్కన నిలుపు బండిలో ఎలుకలు చేరి తీగలు కొరుకుట మన పల్లెలలో సామాన్యము. కొండను త్రవ్వి ఎలుకను పట్టిరను సామెత కలదు. ఇచ్చట ఎలుక కొరికిన తీగను మొదట వెదకినచో కొండను త్రవ్వబని యుండదు. ఇంజనును నీటి పంపుతో ఒత్తిడిగా కడుగుటచేతను గిలకలలో నీరు చేరును. బాడీకి వెల్డింగు చేయించునపుడు బ్యాటరీ తీగలు విప్పనిచో కంప్యూటరు చెడవచ్చును. మరమ్మతునకు ముందు ఇటీవల బండికి ఏమేమి చేయించితిమో జ్ఞాపకము చేసికొనుట మంచిది.

మూడవది గాలి. పత్తి నూగు, మిరప దుమ్ము, భూపాలపల్లి ప్రాంతమున సింగరేణి గనులనుండియు, చెల్పూరు వద్ద విద్యుత్కేంద్రపు దారులందును లేచు బొగ్గు దుమ్ము ఇవన్నియు గాలి ఫిల్టరులో చేరును. ఫిల్టరు మూసికొనినచో గాలి తక్కువై నల్లపొగ వచ్చును. టర్బోనుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టము పగిలినను, బిగింపు వదులైనను పి 0299 వచ్చును. గొట్టము చుట్టును నూనె చెమ్మతో గూడిన దుమ్ము అంటియున్నచో గాలి అచ్చటనే పోవుచున్నదని గ్రహింపవచ్చును. టర్బోను మార్చుటకు పూర్వము ఈ గొట్టమును చేతితో తడవి చూచుట ధర్మము.

నాలుగవది డీజిలు. దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

బరువుపై మాత్రమే వెలుగు దీపము

ఖాళీ బండి బాగుగనే నడచును. బస్తాలు నింపి మిట్ట యెక్కునప్పుడు బలము తగ్గి దీపము వెలుగును. ఇంజను ఆపి మరల నడిపినచో కొంతసేపు బాగుగ నుండును. స్కానరు పి 0087 చూపును. ఈ లక్షణములు గల బండికి ఇంధనపు పంపుగాని, ఇంజక్టర్లుగాని మార్పవలెనని చెప్పుట కలదు. ఆ ఖర్చు చిన్న రైతునకు ఒక పంట ఆదాయమును మ్రింగగలదు.

ఆలోచింపుడు. బరువు లేనప్పుడు ఇంజనునకు డీజిలు కొంచెమే చాలును. బరువు హెచ్చినకొలది హెచ్చు డీజిలు కావలెను. మార్గమున ఎచ్చటనైన ఇరుకున్నచో ఆ యిరుకు బరువుపైననే బయటపడును. కాలువ తూము సగము పూడినప్పుడు ఒక మడికి నీరు చాలును, పది మళ్లకు చాలదు గదా. కావున మొదట ఇరుకును వెదకవలెను. డీజిలు ఫిల్టరు ఎన్ని నెలలనుండి మార్చలేదు? దాని అడుగున గల మరను ఉదయమున, బండి కదలించుటకు ముందు విప్పినచో నీరు దిగుచున్నదా? ట్యాంకులోని జల్లెడకు చెత్త పట్టినదా? ట్యాంకునుండి ఫిల్టరు వరకు గల గొట్టము ఎండి పగిలి గాలి పీల్చుచున్నదా? కోతకాలమున పీపాలలోను డబ్బాలలోను డీజిలు నిలువచేయుట మనకు వాడుక. ఆ పీపాలలో చెమ్మ చేరి నీరగును, త్రుప్పు రాలును. అడుగు డీజిలు బండిలో పోయరాదు. పోయుటకు ముందు వడగట్టవలెను.

వీని నన్నిటిని సరిచేసిన పిదపను ఒత్తిడి పెరుగనిచో, అప్పుడు ఒత్తిడిని తెలుపు సెన్సారును, ఇంజక్టర్లనుండి వెనుకకు మరలు డీజిలును కొలిచి, తుదకు పంపును అనుమానింపవచ్చును. ఒక హెచ్చరిక: ఈ కాలపు డీజిలు ఇంజన్లలో పట్టా యందలి ఒత్తిడి వేయి బార్లను మించును. ఇంజను నడుచుచుండగా ఆ గొట్టపు మరలను విప్పరాదు. చెమ్మ ఎచ్చటనని వ్రేలితో తడుమరాదు. అంత ఒత్తిడితో వెలువడు సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. అట్టి గాయము పైకి చీమకాటువలె కనబడినను చేయి పోవునంతటి ప్రమాదము. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

థర్మోస్టాట్ వాల్వును గూర్చి యొక మాట. మనది ఎండ దేశము గాన ఈ వాల్వు అక్కరలేదని తీసివైచు వాడుక పాత మెకానిక్కులలో కలదు. కంప్యూటరు లేని ఇంజన్లలో ఆ లోపము కనబడలేదు. నేటి ఇంజనునకు నీరు నియమిత వేడికి రావలెను. రానిచో కంప్యూటరు ఇంజను ఇంకను చల్లగనే యున్నదని తలచి డీజిలు హెచ్చుగా పోయించును, పి 0128 వెలుగును, ఖర్చు పెరుగును. దీపమెంతకును ఆరని పాత బండిలో ఈ వాల్వు ఉన్నదా లేదా యని తప్పక అడుగవలెను.

మన యూరియా బండికి పనికిరాదు

స్టేజి 4 కాలపు పెద్ద లారీలలో పెక్కింటికిని, స్టేజి 6 లారీలకును డీజిలు ట్యాంకు ప్రక్కన నీలి మూత గల చిన్న ట్యాంకుండును. అందులో పోయు ద్రవమును డెఫ్ అనియు, ఆడ్‌బ్లూ అనియు అందురు. అది నూటికి 32.5 పాళ్లు శుద్ధమైన యూరియాను ఖనిజములు తీసిన నీటిలో కరగించిన ద్రవము. పొగగొట్టములో అది చిమ్మబడి విషవాయువులను నిర్దోషములుగ మార్చును. ద్రవము తక్కువైనను, చెడినను దీపము వెలుగును. కొన్ని బండ్లలో ఇంజను బలమును కంప్యూటరే తగ్గించును.

యూరియా యన్న మాట వినగానే సంఘపు గోదాములోని 45 కిలోల బస్తా మనకు జ్ఞాపకము వచ్చుట సహజము. దానిని నీటిలో కలిపి పోసినచో డబ్బు మిగులునని చెప్పు వారును లేకపోలేదు. అది బండికి హాని, సంఘమునకు అపకీర్తి. 2015 నుండి మన ఎరువు యూరియాకు వేపనూనె పూయబడుచున్నది. బైయురెట్ అను మలినము ఎరువునందు నూటికి 1.5 పాళ్ల వరకు ఉండవచ్చును. బండి ద్రవమున 0.3 పాలు మించరాదు. ఈ నూనెయు మలినమును చిమ్ము సూదిని మూసివేసి, పొగగొట్టములోని విలువగల భాగమును పాడుచేయును. అంతేగాక, సబ్సిడీపై వచ్చు ఎరువును నేలకు గాక అన్యమునకు వినియోగించుట 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వునకు విరుద్ధము. నాట్ల వేళ బస్తా కొరకు వరుసలో నిలిచిన రైతు, ఆ బస్తా లారీ ట్యాంకు పాలగుట సహింపడు. మూత తీయని డబ్బాలోని ద్రవమునే, తేదీ చూచి, కొనుడు.

చెరిపినంత మాత్రమున తీరదు

స్కానరుతో సంఖ్యను చెరిపినచో దీపము తత్కాలమునకు ఆరును. బ్యాటరీ తీగ విప్పినను కొన్ని బండ్లలో ఆరును. దోషము మాత్రము ఉన్నచోటనే యుండును. పైగా దోషము కనబడిన క్షణమున ఇంజను ఎన్ని చుట్లు తిరుగుచున్నది, నీటి వేడి యెంత, బరువెంత యను లెక్కలను కంప్యూటరు దాచియుంచును. చెరిపినప్పుడు అవియు పోవును. దొంగను పట్టుటకు ముందు అడుగుల జాడను తుడిచివేయుట వంటిది. కావున మొదట వ్రాసికొనుడు, లేదా ఫోనులో చిత్రము తీసికొనుడు, పిదప మరమ్మతు, ఆ తరువాతనే చెరుపుట. చెరిపిన పిదప దోషము పూర్వము కనబడిన స్థితిలోనే, బరువుపై వెలిగినది బరువుతోనే, నడిపి చూచినగాని మరమ్మతు ఫలించినదని చెప్పరాదు.

పాత బండి కొనువారికి ఇందొక రక్షణ కలదు. తాళము త్రిప్పి, ఇంజను నడుపక మునుపు, పలకను చూడుడు. పసుపు దీపము వెలిగి, ఇంజను నడచిన పిదప ఆరవలెను. మొదటనే వెలుగనిచో బల్బు చెడియుండవచ్చును, లేదా తీసివేసి యుండవచ్చును. రెండవది, స్కానరునందు స్వయంపరీక్షలు పూర్తియైనవో లేదో చూపు పుటయుండును. సంఖ్యలు చెరిపిన వెంటనే అవి యన్నియు అసంపూర్ణములని చూపును. కొన్ని దినములు నడచినగాని పూర్తి కావు. దీపము లేక, సంఖ్య లేక, పరీక్షలు మాత్రము అసంపూర్ణముగ నున్నచో, అమ్మకమునకు ముందే చెరిపిరను అనుమానము న్యాయమైనది. అట్టి బండికి బయానా ఇయ్యక, కొన్ని దినములు నడచిన పిదప మరల చూచెదమని చెప్పవలెను. ఎనిమిదేండ్లు దాటిన రవాణా బండికి ఏటేట ఫిట్‌నెస్ పత్రము కావలెను గాన, నేడు దాచిన దోషము ఏడాదిలోపల కొన్నవాని నెత్తిపైననే పడును.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు స్కానరు కొనుట కష్టము. సంఘము కొనుట సులభము. 12 వోల్టులకును 24 వోల్టులకును పనికివచ్చు స్కానరు ఒకటి, వోల్టులు కొలుచు మీటరు ఒకటి సంఘ కార్యాలయమున నుంచి, స్వల్ప రుసుముపై సభ్యుల బండ్లను చూచుటకు చదువుకొన్న యువకు నొకనిని తర్ఫీదు చేయవచ్చును. దానితోపాటు ఒక పుస్తకము ఉండవలెను. తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు, సంఖ్య, అది కనబడిన స్థితి, చేసిన పని, దీపము మరల వచ్చినదా లేదా అను ఆరు గడులు చాలును. రెండేండ్లలో ఆ పుస్తకము మన దారులకు, మన దుమ్మునకు, మన బండ్లకు తగిన వైద్యగ్రంథమగును. ఒకని ఖర్చుతో నేర్చిన సంగతి నూరుగురకు ఉపయోగపడుటయే సహకారము.

ఇక మెకానిక్కుతో వ్యవహారము. పరీక్షకు కూలి అడిగినచో, భాగమేమియు మార్చలేదు గదా, కూలి యెందుకని మనవారు వాదింతురు. చూచినందుకు ప్రతిఫలము లేనప్పుడు అతనికి బ్రతుకు భాగముల అమ్మకమువలననే జరుగవలెను. అప్పుడు భాగములే మార్చును. ఇందు దోషము అతనియందు మాత్రమే యున్నదనుట న్యాయము కాదు. రెండు గంటలు తీగలు తడవి, పావలా విలువ చేయని త్రుప్పును గీకి, దీపమార్పినవానికి మనస్ఫూర్తిగా కూలి యీయవలెను. అతడు మనకు మిగిల్చినది పంపు ఖరీదు. భాగము మార్చవలెనని చెప్పినప్పుడు మాత్రము మూడు ప్రశ్న లడుగుడు: సంఖ్య యేమి? ఈ భాగమే చెడినదని ఏ కొలతవలన తెలిసినది? దీనికన్న చౌకవి చూచితిరా? తెలిసినవాడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. మార్చిన పాత భాగమును అడిగి తీసికొనుడు.

వానాకాలపు కోతలకు ఒక నెల ముందుగా సభ్యులు తమ బండ్లను ఈ వరుసలో, అనగా బ్యాటరీ, తీగలు, గాలి, డీజిలు, నీటి వేడి, తరువాత సంఖ్య అను వరుసలో, చూపించుకొనుట మేలు. బస్తాలు వరుస పేర్చి, మబ్బు క్రమ్మిన సాయంకాలమున పరీక్షకు తీరిక యుండదు. కార్యవర్గమువారు స్కానరు విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టుదురుగాక. సభ్యులు తమ బండి సంఖ్యలను వ్రాసికొని రావలెనని కోరుచున్నాము.